ఎడారి గులాబీకి నీళ్ళు

ఆ వేసవి సగం దాకా మా బావ మా అక్కని ఒళ్ళంతా కొట్టాడు, చేతుల మీద తప్ప. చేతుల జోలికి పోకపోవడం ప్రేమ అనుకునేరు. మా అక్క వేళ్ళు లేకపోతే ఆయన నర్సరీ లేదు, అంతే.

ఆయన పెంచేది ఒకే ఒక్క మొక్క, ఎడారి గులాబీ. పేరుకే గులాబీ, ముళ్ళుండవు, గులాబీతో ఏ చుట్టరికమూ లేదు. మట్టి మీద ఉబ్బుకొచ్చిన దుంప, దాని మీద నాలుగైదు పొట్టి కొమ్మలు, కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా పూలు. నీళ్ళన్నీ ఆ దుంపలో దాచుకుంటుంది కాబట్టి వారాల తరబడి చుక్క పోయకపోయినా చావదు. విత్తనం వేస్తే ఏ రంగు పూస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకని నారుమొక్క తల కోసి, మంచి రంగు పూసే తల్లిమొక్క నుంచి పుల్ల తెచ్చి అంటు కడతారు. బావ కట్టినవి సగం ఎండిపోయేవి. అక్క కట్టినవి అన్నీ చిగురు వేసేవి. బ్లేడు పెట్టి కోసిన చోట రెండు గాయాలూ వెంట్రుకవాసి తేడా లేకుండా అతుక్కోవాలి. అది మా అక్క చేతికి ఎలా తెలిసేదో ఆమెకే తెలియదు.

నేను ఆ ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళలేదు. అంతకుముందు ఒక బట్టల షాపులో పని చేసేదాన్ని. అక్కడ సూపర్‌వైజర్ నా నడుం మీద చెయ్యేస్తే చేతిలో ఉన్న హ్యాంగర్‌తో మూతి పగలగొట్టాను. మూతి ఆయనది పగిలింది, ఉద్యోగం నాది పోయింది. మా నాన్న దర్జీ. మిషన్ మీద నుంచి తల ఎత్తకుండా, "నీ నోరూ ఊరుకోదు, నీ చెయ్యీ ఊరుకోదు. కొన్నాళ్ళు అక్క దగ్గర ఉండి రా. అక్కడ పనివాడు పారిపోయాట్ట, సాయంగా ఉంటావు" అన్నాడు. పనివాడు ఎందుకు పారిపోయాడని ఆయన అడగలేదు. నాకైనా బుర్ర ఉండాలి కదా, నేనూ అడగలేదు.

ఇల్లు ముందు రెండు గదులు, వెనక నర్సరీ. నల్లటి షేడ్ నెట్ కింద ఇనుప బల్లలు, బల్లల మీద వరసగా కుండీలు. ఒక మూల కుళాయి, దానికి ఆకుపచ్చ రబ్బరు పైపు. కుళాయికి తాళం. నీళ్ళ కుళాయికి తాళం వేసే మనిషిని నేను అప్పుడే మొదటిసారి చూశాను.

"చూడు మరదలా," అన్నాడు బావ మొదటి రోజే, ఒక కుండీని బోర్లించి అంచు బల్లకేసి కొట్టి మొక్కని బయటికి లాగుతూ. "దీనికి నీళ్ళు పెట్టామనుకో, ఒళ్ళు కొవ్వెక్కి ఆకులేసుకుని కూచుంటుంది. ఎండగట్టి, వేళ్ళు కోసి, నాలుగు తన్నులు తన్నామనుకో, చచ్చిపోతానేమోనని భయపడి పూస్తుంది. భయం ఉంటేనే పువ్వు."

"మరి మా అక్కకి కూడా ఇదే పద్ధతా?" అని అడిగాను. ఊరికే వేళాకోళానికి అన్నాను.

ఆయన నవ్వలేదు. అక్క నా వైపు చూసింది. ఆమె ఎడమ చెంప మీద పాతబడిన పసుపు మరక కనిపించింది. గాయం మానుతున్నప్పుడు వచ్చే రంగది.

నర్సరీలో అన్నిటికంటే పెద్దమొక్క ఒకటుండేది. బావ పెళ్ళికి ముందు విత్తనం నుంచి పెంచింది. దాని దుంప కూచున్న మనిషంత ఉండేది. దాన్ని ఆయన "బంగారం" అని పిలిచేవాడు. రోజూ పొద్దున్నే దాని దగ్గరికి వెళ్ళి, దుంపని బొటనవేలితో నొక్కి చూసి, గట్టిగా ఉంటే తృప్తిగా తల ఊపేవాడు. మా అక్కని "ఏయ్" అని పిలిచేవాడు.

ఆయన కొట్టడం నేను మొదటిసారి చూసింది నా వల్లే. నారుమొక్క ఒకటి తల వేలాడేసుకుని ఉంటే జాలేసి, తాగే నీళ్ళ సీసాలోంచి కాస్త పోశాను. అంతకు ముందు రోజే దాని వేళ్ళు కత్తిరించారని నాకు తెలియదు. కొన్నాళ్ళకి అది మెత్తబడింది. బావ దాన్ని పీకి నిలువునా కోశాడు. లోపల తెల్లగా ఉండాల్సింది గోధుమరంగులో, కుళ్ళిన అరటిపండులా ఉంది.

"చూశావా? కోత ఆరకముందు తడి తగిలితే ఇంతే. పైకి పచ్చగానే ఉంటుంది, లోపల మాత్రం పోతుంది" అని ఆయన నాకు ఓపిగ్గా, మేష్టారిలా చెప్పాడు. చెప్పి, రబ్బరు పైపు ముక్క తీసుకుని అక్క దగ్గరికి నడిచాడు. "దీనికి నేర్పమన్నానా లేదా?"

మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది భుజం మీద. ఆ తర్వాత నేను చూసింది ఎప్పటికీ మర్చిపోలేను. అక్క తల దాచుకోలేదు, పారిపోలేదు. రెండు చేతులూ ఎత్తి, దెబ్బ ఎటు వస్తే అటు అడ్డం పెడుతోంది. చేతులు అడ్డం రాగానే పైపు గాల్లో ఆగిపోతోంది.

"చేతులు తియ్యి" అంటున్నాడాయన, రొప్పుతూ. "తియ్యమన్నానా!"

ఆమె తియ్యలేదు. ఏళ్ళ తరబడి అలవాటైన పనిలా, ఈగలు తోలుకుంటున్నంత మామూలుగా చేతులు అటూ ఇటూ తిప్పింది. ఆయన విసుగొచ్చి కాలితో తన్నాడు. కాలికి అడ్డం పెట్టడానికి చేతులు చాలలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతికందిన మట్టికుండీ ఎత్తి ఆయన నుదుటి మీదకి విసిరాను. కుండీ పగిలింది, కనుబొమ్మ మీద చర్మం చీలింది. రక్తం కంట్లోకి కారుతుంటే తుడుచుకుంటూ ఆయన నవ్వాడు.

"పౌరుషం ఉందే నీకు. మీ అక్కకి ఉంటే బాగుండేది."

నన్ను వేలితో కూడా ముట్టుకోలేదు. ముఖం కడుక్కుని, కట్టు కట్టుకుని, అక్కని వంటగదిలోకి లాక్కెళ్ళి తలుపు గడియ వేశాడు. లోపల గిన్నెలు పడిన చప్పుడు వినిపించింది. నేను తలుపు బాదాను, తన్నాను, అరిచాను. తలుపు తెరిచి బయటికి వచ్చినప్పుడు ఆయన ఊపిరి కూడా ఎగపోసుకోవడం లేదు. అక్క నేల మీద కూచుని, నోట్లోంచి ఒక పన్ను తీసి అరచేతిలో పెట్టుకుని చూస్తోంది.

"ఇంకోసారి ఆయన మీద చెయ్యెత్తకే," అంది, పెదవి వాచి మాటలు సరిగా రాక. "నువ్వు ఒకటేస్తే నాకు నాలుగు పడతాయి."

అలా నా చేతులు కట్టేశాడు మా బావ. నా జీవితంలో అంత తెలివైన మనిషిని చూడలేదు. తెలివి ఉంటే సరిపోదు కదా అనిపించేది కూడా ఆయన్ని చూస్తేనే.

మధ్యాహ్నాలు ఆయన పడుకునేవాడు. మేమిద్దరం నర్సరీలో ఓ పక్కనున్న బల్ల ముందు కూచుని అంట్లు కట్టేవాళ్ళం. అక్క నేర్పింది. బ్లేడు ఎలా పట్టుకోవాలో, నారుమొక్క తలలో చీలిక ఎంత లోతు కొయ్యాలో, పుల్లని రెండు వైపులా ఎలా చెక్కాలో, ప్లాస్టిక్ రిబ్బను ఎంత బిగించాలో అన్నీ చెప్పింది. కోసినప్పుడల్లా తెల్లటి పాలు కారేవి.

"కళ్ళు నలుపుకోకు. విషం" అంది అక్క.

"కంట్లో పడితే సంగతి సరే. టీలో పడితే?"

ఆమెకి వెంటనే అర్థమైంది. నవ్వింది. పన్ను ఊడిన సందు కనిపించింది.

"ఆయన స్మశానానికి పోతాడు, నేను జైలుకి పోతాను. ఒక జైలు చాల్లేవే నాకు."

"అయితే లేచి పోదాం పద. ఇప్పుడే. చెప్పులేసుకో."

"రెండుసార్లు పోయాగా నాన్న దగ్గరికి. ఏమైంది?"

నాకు తెలుసు ఏమైందో. రెండుసార్లూ బావ ఆటో దిగి గుమ్మంలోనే నాన్న కాళ్ళ మీద పడ్డాడు. ఏడ్చాడు, ఒట్లేశాడు. నాన్న మెత్తబడ్డాడు. "అంత పెద్దమనిషి అలా బతిమాలుతుంటే ఎలా కాదనేదమ్మా" అని ఆమె సంచి తనే ఆటోలో పెట్టాడు. ఇంకెవరి సంగతో ఎందుకు, రెండోసారి ఆ ఏడుపు చూసి నాకు కూడా నిజమే అనిపించింది.

"నాకోసం రాలేదే ఆయన," అంది అక్క, రిబ్బను చుట్టడం ఆపకుండా. "అంట్ల కాలం వచ్చిందని వచ్చాడు. ఈ మొక్కలున్నంత కాలం నేను ఎక్కడ దాక్కున్నా వస్తాడు. నాకు ఆయన చావాలని లేదు. నన్ను వదిలేస్తే చాలు. ఇంకేమీ వద్దు."

నేను కట్టిన అంట్లు మొదట్లో కొన్ని నల్లబడ్డాయి. తర్వాత చెయ్యి కుదిరింది. ఒకరోజు రిబ్బను పైనుంచి ఆకుపచ్చటి చిగుళ్ళు కనబడితే నేను బల్ల చుట్టూ గంతులేశాను. చిన్నప్పటి నుంచి ఏ పనీ నాకు సరిగా వచ్చింది లేదు. నాన్న కుట్టు నేర్పబోతే సూది వేలికి దించుకున్నాను. ఇది మాత్రం వచ్చింది. ఆ గర్వంలో బావని కూడా పిలిచి చూపించాను.

ఆయన వంగి, ఒక్కొక్క మొక్కా చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా కుడిచెయ్యి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, వేళ్ళు పరీక్షగా చూశాడు.

"మరదలి చెయ్యి కూడా పర్లేదే!" అన్నాడు అక్కతో. "దీన్ని ఇక్కడే ఉంచేద్దాం. మీ నాన్నతో నేను మాట్లాడతాలే."

అక్క చేతిలో బ్లేడు ఆగిపోయింది.

ఆ వారంలోనే మళ్ళీ కొట్టాడు. కూరలో ఉప్పు గురించో, ఫోను ఎత్తకపోవడం గురించో, కారణం గుర్తు లేదు. కారణాలు ఆయనకే గుర్తుండేవి కావు. అక్క ఎప్పటిలాగే చేతులు అడ్డం పెట్టింది. పైపు ఆగలేదు. మణికట్టు మీద పడి ఛెళ్ళుమంది. ఇద్దరూ ఒక్క క్షణం ఆశ్చర్యపోయి ఒకరినొకరు చూసుకున్నారు, ఎప్పుడూ జరగనిది జరిగినందుకు. ఆ తర్వాత ఆయన ఇంకోటి వేశాడు, కావాలనే, అదే చోట.

నాకప్పుడు అర్థమైంది. నా చెయ్యి ఎంత కుదిరితే, మా అక్క చెయ్యి అంత చవకైపోతోంది. ఇంతకాలం ఆమెని కాస్తయినా కాపాడిన ఆ ఒక్క అడ్డూ నేనే తీసేస్తున్నాను. రేపటి నుంచి నా అంట్లు నేనే పాడుచేస్తానని చెప్పాను ఆమెకి.

"వద్దు," అంది అక్క, మణికట్టుకి తడిగుడ్డ చుట్టుకుంటూ. "బాగా కట్టు. నీ పని నువ్వు చెయ్యి."

ఎండలు ముదిరాయి. ఏటా ఆ రోజుల్లోనే మొక్కలన్నిటినీ కుండీల్లోంచి తీసి, అడుగు వేళ్ళు కత్తిరించి, కిందటేడు కంటే కాస్త పైకి లేపి మళ్ళీ నాటతారు. అలా ఏటా పైకి లేపితేనే దుంప బయటపడి అందంగా ఉబ్బుతుంది. కత్తిరించాక నీడలో పడేసి గాయాలు ఎండనివ్వాలి. నాటాక కూడా కొన్నాళ్ళు చుక్క తగలనివ్వకూడదు. ముగ్గురం చీకటి పడేదాకా కోస్తూనే ఉన్నాం. బంగారాన్ని బావ ఒక్కడే కోశాడు, మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. నర్సరీ అంతా నేల మీద తలకిందులుగా పడున్న దుంపలతో, తెగిన వేళ్ళతో, జిగురు పాలతో ఏదో కొట్లాట జరిగిన చోటులా ఉంది.

మర్నాడు పక్క ఊళ్ళో పూల ప్రదర్శన ఉంది. బావ ముందే కుండీల్లో ఉంచిన నాలుగు మంచి మొక్కలు వ్యానులో ఎక్కించుకుని, వెళ్ళబోతూ కుళాయి తాళంచెవి అక్కకిచ్చాడు.

"తాగడానికీ వండుకోడానికీ. అర్థమైందా? ఇవి బాగా ఆరాక పొడిమట్టిలో నాటండి. నేనొచ్చేదాకా నీళ్ళ జోలికి వెళ్ళకండి."

"అలాగేనండీ" అంది అక్క.

వ్యాను మలుపు తిరిగింది. మేం లోపలికి వచ్చాం. అక్క చీర కుచ్చిళ్ళు దోపుకుంది. మొక్కల్ని ఒక్కొక్కటే ఎత్తి కుండీల్లో నాటడం మొదలుపెట్టింది. కోతలు ఇంకా పచ్చిగా, జిగురుగానే ఉన్నాయి.

"అక్కా, ఇంకా ఆరలేదు."

"తెలుసు."

బంగారాన్ని ఇద్దరం కలిసి ఎత్తాం. అన్నీ నాటడం అయ్యాక ఆమె కుళాయి తాళం తీసి, పైపు అందుకుని, మొదటి వరసలో మొదటి కుండీలోకి నీళ్ళు వదిలింది. పొడి ఇసుక, గులక చుయ్యిమంటూ నీళ్ళు తాగాయి. కుండీ అడుగు నుంచి నీళ్ళు కారితే, ఒక పళ్ళెం తెచ్చి కింద పెట్టింది, కారిన నీళ్ళు పోకుండా.

నేను అక్కడే నిలబడి చూస్తున్నాను. ఎండ నెట్ సందుల్లోంచి ఆమె వీపు మీద పడుతోంది. జాకెట్టు కింద కొత్త గీతలు, పాత గీతలు.

"అంటు మొక్కలకి నేను పోస్తా," అంది నా వైపు తిరగకుండా. "నువ్వు బకెట్టు తీసుకుని తల్లిమొక్కల వైపు వెళ్ళు."

నేను బకెట్టు తీసుకున్నాను.

ఆయన లేనన్నాళ్ళూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోశాం. పళ్ళేలు నిండుగా ఉంచాం. మేం కూడా బకెట్ల కొద్దీ నీళ్ళతో తలస్నానాలు చేశాం. అక్క ఆ రోజుల్లో బాగా నిద్రపోయింది. అంత గాఢంగా నిద్రపోయే మనిషని నాకు అంతవరకూ తెలియదు. ఆయన వచ్చే రోజు పళ్ళేలు తీసేసి, కుండీల మీద పొడి ఇసుక చల్లాం.

బావ హుషారుగా వచ్చాడు. తీసుకెళ్ళిన నాలుగూ అక్కడే అమ్ముడుపోయాయట. నర్సరీలోకి వెళ్ళి చూస్తే అన్నీ పచ్చగా నవనవలాడుతున్నాయి. తడి తాగిన మొక్క ముందు ఆకులేస్తుంది కదా.

"ఈ ఏడు ముందే తేరుకున్నాయే!" అన్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో మొదటిసారి అక్క భుజం తట్టాడు. ఆమె ఉలిక్కిపడింది, దెబ్బ అనుకుని.

ఆ తర్వాతి రోజుల్లో నర్సరీలో చిన్నగా వాసన మొదలైంది, మూత పెట్టి మర్చిపోయిన కూర వాసన. ఆయనకి జలుబు చేసింది కాబట్టి తెలియలేదు. అక్క మాత్రం మామూలుగా వండింది, ఊడ్చింది, బట్టలుతికింది.

"భయం వెయ్యట్లేదా నీకు?" అని అడిగాను.

"వేస్తోంది," అంది. "కానీ ఈసారి దేనికో తెలిసి భయపడుతున్నా. అది నయం."

ఒక పొద్దున బంగారం ఆకులు ఒక్కసారిగా పసుపురంగుకి తిరిగాయి. బావ దగ్గరికి వెళ్ళి దుంప మీద బొటనవేలు నొక్కాడు. వేలు లోపలికి దిగిపోయింది. బయటికి తీస్తే వేలి వెంట గోధుమరంగు నీళ్ళు కారాయి.

ఆయన అరవలేదు. కత్తి తెచ్చాడు. కుళ్ళు పట్టిన చోటు కోసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట తెల్లటి కండ దొరుకుతుంది, అక్కడి నుంచి మళ్ళీ బతికించుకోవచ్చు. ఒక పొర కోశాడు, గోధుమరంగు. ఇంకో పొర, గోధుమరంగు. "ఇంకొంచెం పైకి," అనుకుంటున్నాడు పైకే, "ఇంకొంచెం పైకి కోస్తే దొరుకుతుంది." దుంప అయిపోయింది, కొమ్మలొచ్చాయి, కొమ్మల్లోనూ అదే. దాన్ని వదిలి పక్క కుండీకి వెళ్ళాడు. పక్కది, ఆ పక్కది. కుండీలు ఎత్తి నేలకేసి కొట్టి, మొక్క పీకి, నరికి చూసి విసిరేస్తున్నాడు. పెంకులు ఎగిరి వచ్చి మా కాళ్ళకి గుచ్చుకున్నాయి. మోచేతుల దాకా కుళ్ళు. ఏడుస్తున్నాడు. ఈసారి నిజం ఏడుపు. నాకు జాలేసిందని అబద్ధం చెప్పను. నా కడుపు నిండిపోయింది.

ఆఖరి వరస కూడా అయ్యాక తల ఎత్తాడు.

"ఎవరు?"

ఆయన నావైపు వచ్చి, జుట్టు పట్టుకుని నా తల బల్లకేసి కొట్టాడు. కళ్ళు బైర్లు కమ్మాయి.

"నువ్వేనా? మళ్ళీ జాలేసిందా నీకు? ఆ చేతకాని చేతుల్తో మళ్ళీ నీళ్ళు పోశావా?"

కత్తి నా చెవి పక్కనే ఉంది. దాని వాసన తెలుస్తోంది.

"దాన్ని వదలండి," అంది అక్క. "నేనే పోశా."

"నువ్వెందుకు పోస్తావ్?" ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. "కోత ఆరకుండా పోస్తే పోతాయని నీకు తెలుసుగా?"

"తెలుసు."

"తెలిసీనా?"

"తెలిసే."

ఆయన నన్ను వదిలేశాడు. కత్తి కింద పడేశాడు. అక్క దగ్గరికి వెళ్ళి, కుడి మణికట్టు పట్టుకుని, అంటు కట్టే బల్ల దగ్గరికి లాక్కెళ్ళాడు. చెయ్యి బల్ల మీద పరిచి, బల్ల కాలు కింద ఎత్తుకి పెట్టిన ఇటుక లాగి తీశాడు. మా అక్క చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడింది.

ఇటుక పడింది. మళ్ళీ పడింది. రెండో దెబ్బకి వచ్చిన చప్పుడు నాకు ఇప్పటికీ వంటింట్లో ఏదైనా విరిస్తే వినిపిస్తుంది.

షేడ్ నెట్‌కి ఊతంగా పాతిన ఇనప చువ్వ ఒకటి నా చేతిలోకి వచ్చింది. ఎలా పీకానో తెలియదు. మొదటి దెబ్బ మోకాలి మీద వేశాను. ఆయన కూలాడు. మళ్ళీ అదే మోకాలి మీద వేశాను, మళ్ళీ వేశాను. ఆయన అరుస్తుంటే ఆ అరుపు హాయిగా ఉంది. ఆయన ఆగమంటే ఆగలేదు. అక్క, విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూచుని, "చాల్లేవే" అంటే ఆగాను.

ఆస్పత్రిలో ఇద్దరికీ కట్లు కట్టారు, వేరువేరు వార్డుల్లో. పోలీసులొచ్చి రాసుకున్నారు. రెండు వైపులా దెబ్బలున్నాయి కాబట్టి కుటుంబ గొడవ అన్నారు, సర్దుకోమన్నారు. డాక్టరు అక్క చేతి ఎక్స్‌రే వెలుతురులో పెట్టి చూసి, ఎముకలైతే అతుకుతాయిగానీ వేళ్ళు మునుపటిలా ముడుచుకోవని చెప్పాడు. అక్క తల ఊపింది. నేను వరండాలోకి వెళ్ళి గోడకేసి తల కొట్టుకుని ఏడ్చాను.

నాన్న ఇంటికి తెచ్చాను ఆమెని. నాన్న అక్క జాకెట్లన్నిటికీ కుడి చెయ్యి కుట్లు విప్పి, కట్టు పట్టేలా వెడల్పు చేసి కుట్టాడు. మిషన్ ముందు కూచునే గుమ్మం వైపు చూస్తుండేవాడు. ఎవరి కోసం చూస్తున్నాడో నాకు తెలుసు, అందుకే నాకు మంటగా ఉండేది.

వానలు మొదలయ్యాక వచ్చాడు బావ. చేతికర్ర పట్టుకుని ఆటో దిగాడు. ఈసారి నాన్న కాళ్ళ మీద పడలేకపోయాడు, మోకాలు వంగడం లేదు. ఆ పుణ్యం నాదే.

అప్పటికి అక్క కట్టు విప్పేశారు. ఆమె తనే గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆయన ఆమె ముఖం చూడలేదు. కుడిచెయ్యి అందుకుని, వేళ్ళ కణుపుల మీద బొటనవేలితో ఒక్కొక్కటే నొక్కి చూశాడు. ముడవబోతే ముడుచుకోలేదు.

"పోయింది" అన్నాడు. ఆ చెయ్యి వదిలేసి, తన చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని నాన్న వైపు తిరిగాడు. "మావయ్యా, మళ్ళీ మొదలుపెడుతున్నా. కొత్త నారు తెచ్చా. చిన్నమ్మాయిని పంపండి. జరిగిందంతా మర్చిపోతా. దాని చెయ్యి బాగుంటుంది."

నాన్న నోట్లో పెట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాడు. నా వైపు చూశాడు. "పని అంటే పనే కదమ్మా" అని నసిగాడు. "ఖాళీగానే ఉన్నావు కదా..."

నా చెయ్యి బల్ల మీద కత్తెర వెతుక్కుంటోంది. ఈసారి మోకాలితో ఆపను అనుకున్నాను.

అక్క నవ్వింది. పన్ను ఊడిన సందు కనిపించేలా, గట్టిగా.

"దాని చెయ్యా? దానికి అంటు కట్టడం వచ్చని ఎవరు చెప్పారు మీకు?"

"నేను చూశాగా. అన్నీ చిగురేశాయి."

"మీరు మధ్యాహ్నం పడుకున్నాక దాన్ని బయటికి పంపి, అది కట్టినవన్నీ విప్పి నేనే మళ్ళీ కట్టేదాన్ని. సగం కోతలు వంకర, సగం లూజు. మీకు చెప్తే దాన్ని తంతారని చెప్పలేదు. తీసుకెళ్ళండి కావాలంటే. నారంతా ఎండబెట్టి ఇస్తుంది."

నాకు మండిపోయింది. "అబద్ధం!" అని నోటిదాకా వచ్చింది. ఒక్క పని వచ్చింది నా బతుకులో, దాన్ని కూడా తీసేసుకుంటుందా! నోరు తెరిచేలోగా అక్క నా పాదం మీద మడమతో గట్టిగా తొక్కింది.

బావ ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. మనిషిగా ఆమెని ఏనాడూ నమ్మలేదేమోగానీ, అంటు విషయంలో ఆమె మాట కాదనడం ఆయనకి తెలియదు. నా చేతుల వైపు ఒకసారి చూశాడు, సంతలో నచ్చని వస్తువుని చూసినట్టు. కర్ర ఊనుకుంటూ వెళ్ళి ఆటో ఎక్కాడు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

"టీ అయినా తాగకుండా వెళ్ళాడు" అన్నాడు నాన్న. నేను ఏమనగలనో అది అన్నాను. ఇక్కడ రాయను.

మధ్యాహ్నం అక్కకి అన్నం కలిపి పెడుతున్నాను. అప్పటికీ నా కడుపుమంట తగ్గలేదు. నోరు ఊరుకోదు కదా, అడిగేశాను.

"నిజం చెప్పు. విప్పి మళ్ళీ కట్టావా?"

"పిచ్చిమొహమా," అంది అక్క. "ఒక్కటి కూడా ముట్టుకోలేదు. అన్నీ నువ్వు కట్టినవే, అన్నీ బతికేవే. నీళ్ళు పోస్తున్నప్పుడు నువ్వు కట్టిన ఆ ఒక్క వరస దగ్గరే నాకు చెయ్యి ఆడలేదు."